బోర్లించిన కప్పు

మా పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయికి ఒక కేసినోలో స్లాట్ అటెండెంటుగా, అంటే జూదం మెషిన్ల దగ్గర ఆడేవాళ్ళకు సాయం చేసే ఉద్యోగం వచ్చింది. వర్జీనియాలో మేముండే ఈ హెర్న్‌డన్ నుంచి రోజూ డ్రైవ్ చేసి వెళ్తుందట. మొన్న మా వంటింట్లో కూర్చుని, "ఆంటీ, మీరు ఇదే జాబ్ చేశారంట కదా, మమ్మీ చెప్పింది. నాకేమైనా అడ్వైస్ ఇవ్వండి," అంది. కాఫీ తాగేలోగా చెప్పే సంగతి కాదు, రాసిస్తానన్నాను. "తెలుగులోనా? నేను చాలా స్లోగా చదువుతాను ఆంటీ," అంది. నిదానంగా చదివితేనే మంచిదన్నాను.

ప్రమోషన్లు, యూనియన్, పెన్షన్ గురించి ఇందులో ఏమీ ఉండదు. అవి ఆఫీసువాళ్ళే కాగితాల మీద ఇస్తారు. నేను రాసేది కొద్ది డబ్బుతో, ఇంతకు మించి పెట్టనని తమకు తామే మాట ఇచ్చుకుని వచ్చే మనుషుల గురించి. కేసినో అంటే సినిమాల్లో చూపించే కోటీశ్వరులు అనుకుంటారు. నేను ఉన్న ఫ్లోర్ మీద, అంటే మెషిన్లుండే హాల్లో, నూటికి తొంభైమంది ఈ చిన్న లెక్కల మనుషులే.

నల్లటి వేళ్ళు

నేను 1980 ఏప్రిల్‌లో న్యూజెర్సీ సముద్రతీరాన ఉన్న అట్లాంటిక్ సిటీలో చేరాను. అక్కడ కేసినోలు తెరిచి అప్పటికింకా రెండేళ్ళు నిండలేదు. నరసాపురంలో ఏడేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పాను గాని ఆ సర్టిఫికెట్లు ఇక్కడ పనికిరాలేదు. మా ఆయన ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేసేవారు. ఆయన జీతం అద్దెకూ కారు వాయిదాకూ పోయేది. ఇల్లు గడవడానికి నా జీతం కావలసి వచ్చింది.

మేము క్రైస్తవులం. నెలకొక ఆదివారం సెలవు మార్చుకుని, పార్సిప్పనీ దాకా వెళ్ళి అక్కడి తెలుగు సంఘంలో ఆరాధనకు కూర్చునేవాళ్ళం. నేను ఎక్కడ పనిచేస్తున్నానో సంఘంలో అందరికీ తెలుసు. అందరూ దాన్ని "హోటల్" అనేవారు. పైన గదులున్న మాట నిజమే కనుక నేనూ దిద్దలేదు.

నా పని చిల్లర ఇవ్వడం. ఇప్పటిలా మెషిన్ చీటీలు ఇచ్చేది కాదు, నాణేలు మింగేది, నాణేలే కక్కేది. ఎక్కువ మంది ఆడేది పాతిక సెంట్ల క్వార్టర్లతో. మన తెలుగువాళ్ళం వాటిని పావలాలు అనేవాళ్ళం. నలభై పావలాలు కాగితంలో గట్టిగా చుట్టి ఇస్తే ఒక చుట్ట, పది డాలర్లు. ఆ చుట్టలు నింపిన బెల్టు నడుముకు కట్టుకుని ఎనిమిది గంటలు తిరగాలి. మెషిన్ నెత్తిన దీపం వెలిగితే అక్కడ ఎవరికో చిల్లర కావాలన్న మాట. షిఫ్టు అయ్యేసరికి నా వేళ్ళు బొగ్గు పట్టుకున్నట్టు నల్లబడేవి. ఆడేవాళ్ళవీ అంతే. ఎవరు ఆడారో, ఎవరు ఊరికే తిరిగి చూసి వెళ్తున్నారో వేళ్ళు చూసి చెప్పగలిగేదాన్ని.

కప్పు తీయకూడదు

మా షిఫ్టు మేనేజరు డోలన్ అని నెవాడా కేసినోల నుంచి వచ్చినవాడు. అరవై ఏళ్ళుంటాయి. గొంతు పెంచేవాడు కాడు. నేను చేరిన మొదటి నెలలో ఒక తప్పు చేశాను. ఒక మెషిన్ పక్కన లాగే పిడి మీద, నాణేలు వేసుకునే ప్లాస్టిక్ కప్పు బోర్లించి ఉంది, కుర్చీలో ఎవరూ లేరు. ఎవరో వదిలేసి వెళ్ళారనుకుని కప్పు తీసి పక్కన పెట్టాను. ఇంకొకాయన వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి ఒక ముసలాయన బాత్‌రూమ్ నుంచి వచ్చి, తన కుర్చీలో వేరే మనిషిని చూసి, అక్కడే నిలబడిపోయాడు. 

డోలన్ నన్ను పక్కకు పిలిచాడు. "కప్పు బోర్లించారంటే మళ్ళీ వస్తామని అర్థం. పోలీసు తాడు కట్టినా వాళ్ళు దాటుతారు, ఆ కప్పును మాత్రం దాటరు. నువ్వూ దాటకు."

"ఆయన ఇంకో మెషిన్ మీద ఆడుకోవచ్చు కదా?" అన్నాను. అన్నీ ఒకటే అని లెక్కల టీచరుకు తెలుసు.

"ఆయన దగ్గర ఉన్నది పది డాలర్లు. దాంతో ఆయన కొనుక్కున్నది ఆ కుర్చీని," అన్నాడు.

ఆయన ఇంకో నియమం కూడా చెప్పాడు: ఆడమని చెప్పకు, ఆపమనీ చెప్పకు. "వాళ్ళు ఒక మధ్యాహ్నం కొనుక్కోవడానికి వచ్చారు. నువ్వు ప్రసంగం అమ్మకు." కప్పు విషయంలో ఆయన చెప్పింది పూర్తిగా సరి. రెండో నియమం సగమే సరి అని నా అభిప్రాయం. ఆ మిగతా సగం కోసమే ఇదంతా రాస్తున్నాను.

మార్తక్క పద్ధతి

మా కస్టమర్లలో ఎక్కువమంది బస్సుల్లో వచ్చేవాళ్ళు. టికెట్ కొన్నవాళ్ళకు కేసినోయే బస్సువాడి చేత ఒక పావలా చుట్ట, భోజనానికి ఒక కూపన్ ఇప్పించేది. టికెట్ ఖరీదు దాదాపు చుట్టలోనే తిరిగి వచ్చేసేది. తిరుగు బస్సు వచ్చేదాకా ఆరు గంటలు అక్కడే ఉండాలి.

1982లో ఒక మంగళవారం నేను వరుసల మధ్య నడుస్తుంటే ఒకామె కుర్చీ అంచున కూర్చుని, చుట్ట విప్పి, పావలాలను పదేసి చొప్పున నాలుగు దొంతరలు పేరుస్తోంది. నేను దగ్గరికి వెళ్ళగానే తల పైకెత్తి, "అమ్మో, సుశీలా," అని చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. పార్సిప్పనీ సంఘంలో మా వెనక బెంచీలో కూర్చునే మార్తక్క.

మార్తక్కకు అప్పుడు యాభై ఆరేళ్ళు. పాలకొల్లు దగ్గర మనిషి. భర్త పోయాక ఇక్కడికి వచ్చి, వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఆయాగా పనిచేసేది. పిల్లలు లేరు. సంఘమే ఆమె ఇల్లు. ఆరాధన అయ్యాక అందరికీ టీ పెట్టేదీ, కప్పులు కడిగి బోర్లించేదీ, పసిపిల్లల్ని ఎత్తుకుని తల్లుల్ని పాటలు పాడనిచ్చేదీ ఆమే. ఎవరైనా ఎప్పుడైనా ఫోటో తీస్తే అందులో ఆమె చేతిలో ట్రే ఉండాల్సిందే.

"ఇది జూదం కాదే," అంది నేనేమీ అడగకుండానే. "బస్సువాడు ఇచ్చిందే వేస్తాను. నా రూపాయి ఒక్కటి వెయ్యను."

"నేనేమన్నాను మార్తక్కా?"

"నీ మొహం అంది."

ఆమె పద్ధతి నాకు చూడగా చూడగా తెలిసింది. మూడేసి పావలాలు వేస్తేనే పెద్ద బహుమతి. కానీ అలా వేస్తే నలభై పావలాలు పదమూడు ఆటల్లో అయిపోయి ఒకటి మిగులుతుంది. మార్తక్క ఒక్కొక్కటే వేసేది. పది వేశాక పిడి మీద కప్పు బోర్లించి, బయట చెక్కబాట మీద బెంచీలో కూర్చుని సముద్రం చూసేది. మళ్ళీ వచ్చి ఇంకో పది. మెషిన్ తిరిగిచ్చిన పావలాలను మళ్ళీ వేసేది కాదు. సంచీలో వేరే అరలో వేసుకునేది. నాలుగు దొంతరలు అయ్యేసరికి బస్సు వేళ అయ్యేది. నేను ఇరవై ఆరేళ్ళలో చూసిన చిన్న బడ్జెట్లన్నిటిలోకీ ఇంత బిగువైనది లేదు.

వచ్చిన పావలాల్లో పదో వంతు ఆదివారం కానుక సంచీలో వేసేది. మన సంఘాల్లో దశమభాగం ఎంత గట్టి అలవాటో తెలిసినదే. "చూడు, బస్సువాడిచ్చింది నాదీ కాదు, దేవుడిదీ కాదు," అనేది. "దాంట్లోంచి వచ్చినదాన్లో పదో వంతు ఆయనకిచ్చేస్తే ఎవరికీ పేచీ ఉండదు." డెబ్బై సెంట్లో, డాలరో చిల్లరగా సంచీలో పడేది. ఎవరికీ తెలిసేది కాదు. నెలకొక మంగళవారం ఇలా రెండేళ్ళు సాగింది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ మంగళవారాల్లోనే. నర్సింగ్ హోమ్‌లోనూ సంఘంలోనూ ఆమెకు పని ఉండేది. ఇక్కడ ఒక్కచోటే ఆమె కూర్చునేది.

ఐదువేల పావలాలు

1984 ఫిబ్రవరిలో ఒక మంగళవారం బయట చలిగా ఉండి మార్తక్క సముద్రం దగ్గర ఎక్కువసేపు కూర్చోలేదు. అయినా బస్సు వేళకు చివరి దొంతరలో మూడు పావలాలు మిగిలిపోయాయి. "టైమైపోయిందే, మూడూ ఒకేసారి వేసేస్తాను," అని వేసి పిడి లాగింది.

గంట మోగింది, నెత్తిన దీపం తిరగడం మొదలైంది. ఐదువేల పావలాలు. పన్నెండు వందల యాభై డాలర్లు. అంత పెద్ద మొత్తం మెషిన్ కక్కదు, మేమే చేతికి ఇవ్వాలి, పన్ను కాగితం మీద పేరు రాయించుకోవాలి. చుట్టూ జనం చేరారు. మార్తక్క చెవులు మూసుకుని, "ఆ గంట ఆపించు సుశీలా, ఎవరైనా చూస్తారు," అంటోంది. డోలన్ బస్సుల దగ్గరకు ఫోన్ చేసి ఆమె బస్సును ఆపించాడు. అది ఆయన ఉద్యోగం కాదు. ఆయనలో ఇలాంటివి ఉండేవి.

నోట్లు చేతిలో పడగానే మార్తక్క లెక్క వేసింది. "నూట పాతిక విడిగా ఒక కవర్లో పెట్టు. కలిసిపోతే మళ్ళీ తియ్యబుద్ధి కాదు."

"ఒకేసారి వెయ్యకు మార్తక్కా. నెలకు కొంచెం కొంచెం వెయ్యి."

"దేవుడికి వాయిదాలా?" అంది.

ఆ నెల నేను సంఘానికి వెళ్ళేది ఆ మంగళవారం తరవాతి ఆదివారమే. ఆరాధన అయ్యాక వెనక వంటగదిలో టీ తాగుతున్నాం. సంఘం కోశాధికారి ప్రకాశం గారు కానుకలు లెక్కపెట్టి కవరు చేత్తో పట్టుకుని వచ్చారు. ఇన్సూరెన్స్ కంపెనీలో గుమాస్తా ఆయన, సెంటు తేడా వచ్చినా నిద్రపోని మనిషి. "మార్తమ్మా, నీ కవర్లో నూట పాతిక ఉంది. పొరపాటున వేశావేమో చూసుకో," అన్నారు. మేలు చేద్దామనే అడిగారు.

"పొరపాటు కాదండి. దశమభాగం."

"నెలకు నీకు అంత..." అని ఆగారు.

"జీతానిది కాదండి," అంది మార్తక్క. ఆమెకు అబద్ధం ఆడటం చేతకాదు. ఎక్కడిదో చెప్పింది. సముద్రం చూడటానికి వెళ్ళానని, బస్సువాడిచ్చిన చుట్టతో ఆడానని, చివరి మూడూ ఒకేసారి వేశానని వరసగా చెప్పింది.

వంటగదిలో పదిహేను మంది ఉన్నారు.  పాస్టరు గారు కవరు అందుకుని రెండు చేతులతో ఆమెకు ఇచ్చారు. "అమ్మా, నీ మనసు దేవుడికి తెలుసు. ఈ డబ్బు మాత్రం ఆయన సన్నిధిలోకి తీసుకోలేం." ఆయన మంచివారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

మార్తక్క కవరు సంచీలో పెట్టుకుంది. ఆ వేళ టీ కప్పుల వంతు ఆమెది. కప్పులన్నీ కడిగింది, తుడిచింది, బోర్లించింది. కోటు వేసుకుని వెళ్ళిపోయింది. ఆ తరవాత ఆ సంఘంలో అడుగు పెట్టలేదు.

నేను కారు దగ్గర ప్రకాశం గారిని ఆపాను. "నా కవరు కూడా ఇచ్చెయ్యండి."

"నీ కవరుకేమైందమ్మా?"

"నా జీతం ఎక్కణ్ణించి వస్తుందో మీకు తెలుసు కదా."

"నీది హోటల్ ఉద్యోగం. కష్టార్జితం."

"మార్తక్కలాంటివాళ్ళు పోగొట్టుకునే పావలాల్లోంచే ఆ హోటల్‌వాళ్ళు నాకు జీతం ఇస్తారండి."

"జీతం జీతమేనమ్మా. పని చేసి తెచ్చుకున్నది వేరు, ఊరికే వచ్చింది వేరు," అన్నారు. ఆయన మాటలో కొంత న్యాయముందని ఇప్పటికీ ఒప్పుకుంటాను. అయినా మరుసటి నెల నుంచి కవరు వెయ్యడం మానేశాను. రెండు నెలలయ్యాక ఆయనే ఫోన్ చేశారు. "ఏమ్మా, కవరు కనపడ్డం లేదు, ఒంట్లో బాగానే ఉందా?"

ఆదివారాలు

మార్చిలో మార్తక్క ఆదివారం బస్సులో దిగింది. మంగళవారం మనిషి ఆదివారం రావడమేమిటని అడిగాను.

"ఆదివారం ఎక్కడికెళ్ళను?" అంది.

కవరు తీసి చూపించింది. "ఇది దేవుడు వద్దన్న డబ్బు. నేను మాత్రం ఏం చేసుకుంటాను? ఎక్కడిది అక్కడే పెట్టేస్తాను." ఆ నూట పాతికకు నా దగ్గరే చుట్టలు తీసుకుంది. దొంతరలు పేర్చలేదు. మూడేసి వేసింది. సముద్రం వైపు వెళ్ళలేదు. భోజనం వేళ కాకముందే కవరు ఖాళీ అయింది. ఆమె మొహంలో తేలిక కనిపించింది. ఒక బాధ్యత తీరిపోయినట్టు. అక్కడితో లేచి వెళ్తుందనుకున్నాను. సంచీ రెండో అర జిప్పు తీసింది.

చిన్న లెక్కతో ఆడేవాళ్ళ గురించి నాకు తెలిసిన గట్టి నిజం ఒకటుంది. వాళ్ళను ఓటమి చెడగొట్టదు. ఓడిపోతే చుట్ట అయిపోతుంది, లేచి కోటు వేసుకుంటారు. ఓటమికి హద్దు ముందే గీసుకుని వస్తారు. గెలుపుకు ఎవరూ గీసుకోరు. మార్తక్క ఒక్కతే గీసుకుంది, దశమభాగంతో. దాన్ని తిప్పి ఇచ్చేశారు. అప్పుడు నాకు ఇంకో సంగతి అర్థమైంది. ఆమె లెక్కను నిలబెట్టింది ఆమె మనోబలం ఒక్కటే కాదు. ఆదివారం పొద్దున అక్కడ టీ పెట్టాలి, ఆ జనం మొహాలు చూడాలి. ఆ పని తీసేస్తే పది డాలర్ల దగ్గర ఆగవలసిన కారణం ఆమెకు కనపడలేదు.

పన్నెండు వందల్లో మిగిలినది వేసవి రాకముందే అయిపోయింది. తరవాత జీతం. తరవాత దాచుకున్నది. అన్ని లెక్కలూ గుర్తుంచుకునే నేను ఆ లెక్క మాత్రం అడగలేదు. ఆమె అపార్ట్‌మెంట్ వదిలేసి, తోటి ఆయాతో ఒక గది పంచుకుంటున్నానని చెప్పినప్పుడు తెలిసింది.

నేను ఊరుకోలేదు. ఒక ఆదివారం చిల్లర ఇస్తూ తెలుగులో, "మార్తక్కా, ఇవాళ్టికి చాలు, లే, నాతో భోజనానికి రా, నీ గది అద్దె గుర్తు తెచ్చుకో," అన్నాను. డోలన్ వెనకే ఉన్నాడు.

"ఏం చెప్పావు ఆమెకు?"

"భోజనం రెండింటికి కట్టేస్తారని చెప్పాను."

"భోజనానికి అది చాలా పొడుగు వాక్యం," అన్నాడు. కాసేపు మార్తక్క వైపు చూశాడు. "నీ బ్రేక్ ఇప్పుడే తీసుకో. ఆమెను వెంట తీసుకెళ్ళు." నియమం పెట్టినవాడే దానికి సందు చూపించాడు. మార్తక్క వచ్చింది, సూప్ తాగింది, మళ్ళీ వెళ్ళి కూర్చుంది.

పాస్టరు గారికి చెప్పాను. ఆయన ఆమె గదికి వెళ్ళారు. టీ ఇచ్చిందట, వస్తానందట. "పిలిచాను సుశీలా, ఇంకేం చెయ్యను?" అన్నారు. పిలవడం వేరు, కప్పులు కడిగే పని మళ్ళీ చేతిలో పెట్టడం వేరు. ఆ మాట ఆయనతో అన్నాను.  టీ పని అప్పటికే వేరేవాళ్ళకు పంచేశారు.

1986 వచ్చేసరికి మార్తక్క దగ్గర పోగొట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. నెలకొకసారి వచ్చి, బస్సువాడిచ్చిన చుట్టతోనే ఆడేది. మళ్ళీ ఒక్కొక్కటే, నాలుగు దొంతరలు, మధ్యలో సముద్రం. చూసేవాళ్ళకు పాత మార్తక్కే. తిరిగొచ్చిన పావలాలను మాత్రం ఏ అరలోనూ వేసుకునేది కాదు. అవీ ఆడేసేది.

నలభై మూడు చుట్టలు

1987 జూన్‌లో మా సంఘం సొంత భవనం కోసం చందాలు పోగుచేస్తోంది. అప్పటికి డోలన్ రిటైరై వెళ్ళిపోయాడు. నన్ను ఫ్లోర్ మధ్యలో ఉండే చిల్లర బూత్‌లో కూర్చోబెట్టారు. ఒక శనివారం మధ్యాహ్నం గాజు కిటికీ అవతల ప్రకాశం గారు కనిపించారు. ఆయన వెనక మా సంఘం. ఆడవాళ్ళు మంచి చీరలు కట్టుకుని, మగవాళ్ళు టోపీలు పెట్టుకుని ఉన్నారు. పాస్టరు గారు, ఆయన భార్య పిల్లలతో బయట సముద్రం దగ్గరే ఆగిపోయారు.

"ఏం చెయ్యమంటావమ్మా," అన్నారు ప్రకాశం గారు కొంచెం సిగ్గుగా. "పిక్నిక్‌కు మామూలు బస్సు మాట్లాడితే ఐదారువందలు అడుగుతున్నాడు. ఈ బస్సయితే ఊరికే వచ్చినట్టే. మనవాళ్ళు ఒక్కరూ మెషిన్ ముట్టుకోలేదు. చుట్టలన్నీ పోగుచేసి భవనం ఫండ్‌కు ఇచ్చేస్తున్నాం. నోట్లుగా మార్చి పెట్టు." పులిహోర తెచ్చిన ఐస్ పెట్టెను కౌంటరు మీదకు ఎత్తారు. దాన్నిండా పావలా చుట్టలు.

 బూత్‌కు ఎదురు వరుసలో, పది అడుగుల దూరంలో మార్తక్క ఉంది. ఆ వేళ ఆమె బస్సు ఆలస్యమై అప్పుడే వచ్చింది. ఇంకా చుట్ట విప్పలేదు. వీళ్ళను చూసి మొహం మెషిన్ వైపు తిప్పుకుని కదలకుండా కూర్చుంది.

"ఎన్నండీ?" అన్నాను.

"నలభై మూడు. పెద్దవాళ్ళం నలభై మూడు మందిమి."

లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. "నలభై రెండే ఉన్నాయండి."

ప్రకాశం గారి సంగతి ముందే చెప్పాను. వెనక్కు తిరిగారు. "ఎవరో ఒకరు ఇవ్వలేదు. మర్చిపోయుంటారు, సంచులు చూసుకోండి," అన్నారు. అందరూ సంచులు వెతుక్కున్నారు. "సంఘం డబ్బమ్మా ఇది, ఎవరి దగ్గరుంటే వాళ్ళు చెప్పేస్తే పోతుంది." గొంతు కొంచెం పెరిగింది. నవ్వులు ఆగిపోయాయి. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం మొదలుపెట్టారు.

చివర్లో ఒక అమ్మాయి నిలబడి ఉంది. పెళ్ళయి ఆర్నెల్ల క్రితమే వచ్చింది, భర్త పక్కనే ఉన్నాడు. కుడిచేతిని కొంగులో చుట్టుకుంది. కొంగు జారినప్పుడు చూశాను. బొటనవేలు, రెండు వేళ్ళు నల్లగా ఉన్నాయి.

నేను చూసిందే మార్తక్కా చూసింది. లేచి వచ్చింది. తన చుట్టను ఐస్ పెట్టెలో మిగతావాటి మీద పెట్టింది.

"ఇదిగోనండి, కింద పడింది," అంది.

అబద్ధం ఆడటం చేతకాని మనిషి.

"అదీ," అన్నారు ప్రకాశం గారు. ఆయన మొహం విచ్చుకుంది. చుట్ట లెక్కలో పడ్డాక గాని ఇచ్చిందెవరో చూసుకోలేదు. "నువ్వా మార్తమ్మా. బాగున్నావా?"

"బాగున్నానండి."

"బయట పాస్టరు గారూ వాళ్ళూ ఉన్నారు. పులిహోర మిగిలింది, వచ్చి తిందువుగాని."

"నా బస్సుకు టైమవుతోందండి," అంది. ఆమె బస్సు ఐదింటికి. అప్పటికి రెండున్నర.

నాలుగు వందల ముప్ఫై డాలర్లు ప్రకాశం గారి చేతిలో పెట్టాను. రెండుసార్లు లెక్కపెట్టుకుని, రసీదు అడిగి తీసుకున్నారు. అందరూ సముద్రం వైపు వెళ్ళారు. ఆ కొత్త పెళ్ళికూతురు ఒకసారి వెనక్కు తిరిగి మార్తక్కను చూసింది.

మార్తక్క తన కుర్చీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. ఆ రోజుకు ఆమె దగ్గర ఉన్నది ఆ ఒక్క చుట్టే. నా వైపు తిరిగి, "తీసుకున్నారే సుశీలా," అంది.

"తీసుకున్నారు మార్తక్కా."

ఖాళీ కప్పును పిడి మీద బోర్లించింది. బయట వాళ్ళంతా ఉన్న తలుపు కాకుండా, రెండో తలుపు నుంచి వెళ్ళింది.

ఆ తరవాత ఆమె అట్లాంటిక్ సిటీకి రాలేదు. ఆ శీతాకాలంలో ఇల్లినాయ్‌లో అరోరాకు వెళ్ళి, అక్కడ నర్సింగ్ హోమ్‌లో పనికి కుదిరిందని, 1989లో అక్కడే పోయిందని ఆమెతో గది పంచుకున్న ఆయా ఫోన్ చేసి చెప్పింది. మా సంఘం భవనం పూర్తయింది. వంటగది పెద్దది. నేను వెళ్ళినప్పుడల్లా టీ కప్పులు నేనే కడిగేదాన్ని. వద్దన్నా వినలేదు.

ఉద్యోగంలో చేరబోయే అమ్మాయికి ఇంతకంటే సలహా నా దగ్గర లేదు. చేతిలో కొంచెమే పెట్టుకుని వచ్చినవాళ్ళను చులకనగా చూడకు. వాళ్ళు ఆ కొంచెం దగ్గర ఆగగలుగుతున్నారంటే, ఇంటి దగ్గర ఏదో ఒకటి వాళ్ళకోసం ఎదురుచూస్తూ ఉంటుంది. అది ఉన్నంతకాలం వాళ్ళ గురించి నువ్వు దిగులు పడక్కర్లేదు.

మార్తక్క వెళ్ళిపోయిన ఆ శనివారం సెలవుల జనం. మెషిన్లన్నీ నిండిపోయాయి. మధ్యాహ్నమంతా ఎవరో ఒకరు బూత్ దగ్గరికి వచ్చి, ఆ కప్పు చూపించి, ఈ సీటు ఖాళీయేనా అని అడుగుతూనే ఉన్నారు. మనిషి ఉందని చెప్పాను. ఐదింటికి బస్సులు కదిలిన చప్పుడు వినిపించింది. ఆ తరవాత అడిగినవాళ్ళకు కూడా, నా షిఫ్టు అయ్యేదాకా, మనిషి ఉందనే చెప్పాను.